కళ్లజోడు పెట్టుకుని గురి తప్పకుండా బాణం వేయాలంటే

నాది మైనస్ మూడు పవర్. మొదటి ఆరు నెలలు బాణాలు చెదిరిపోతుంటే చేతి తప్పే అనుకున్నాను. తప్పు కళ్లజోడుది.

కుడిచేతి వాళ్లం తల ఎడమకు తిప్పి గురి చూస్తాం. అప్పుడు కుడి కన్ను అద్దం మధ్యలోంచి కాక, ముక్కు పక్క అంచులోంచి చూస్తుంది. అక్కడే ఫ్రేమ్ అడ్డొస్తుంది, చూపు మసకబారుతుంది. 70 మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లే మరి!

ఇంట్లో రబ్బరు బ్యాండు లాగి, గురి చూసే భంగిమలో నిలబడండి. చూపు ఎక్కడ పడుతోందో కళ్లజోడు అద్దం మీద చిన్న టేపు ముక్క అంటించి చూసుకోండి. నాకది ముక్కు మీద ఆనే దిమ్మెకు ఆనుకునే ఉంది. పెద్ద అద్దాలు, సన్నటి ఫ్రేమ్ తీసుకున్నాక తేడా తెలిసింది. ముందు కాలు, అంటే గురి వైపున్న కాలు, కాస్త వీపు వైపుకు జరిపితే తల ఇంకా సులువుగా తిరుగుతుంది. తల మాత్రం పక్కకు వంచకండి.

మన విశాఖ ఉక్కపోతకు జోడు జారుతూనే ఉంటుంది. వెనక పట్టీ కట్టుకోండి. ఏసీ కారు దిగగానే అద్దాల మీద ఆవిరి పడుతుంది. అది పోయేదాకా విల్లు ముట్టుకోకండి.