పాత అవుట్‌బోర్డ్ మోటారు, సొంత రిపేరు – 4వ పాఠం: లాగితే వెనక్కి పోని తాడు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం. ఆ 61 రోజులూ బోటు ఇసుక మీద ఉంటుంది, దాని వెనక బిగించే అవుట్‌బోర్డ్ ఇంజను గోనెపట్టా కింద ఉంటుంది. మళ్లీ నీళ్లలోకి దిగే రోజు తాడు లాగితే, వచ్చిన తాడు వచ్చినట్టే చేతిలో వేలాడుతుంది. ఉప్పు గాలి లోపల స్ప్రింగును అప్పటికే తినేసి ఉంటుంది.

పోయిన పాఠంలో స్పార్క్ ప్లగ్గులు చూశాం. ఈసారి రీకాయిల్ స్టార్టర్, అంటే ఇంజను పైనుండే బరువు చక్రం (ఫ్లైవీల్) నెత్తిన కూర్చుని, తాడు లాగితే దాన్ని తిప్పే డబ్బా. అమెరికాలో ఓలె ఎవిన్‌రూడ్ 1909లో అవుట్‌బోర్డ్‌లు అమ్మడం మొదలుపెట్టినప్పుడు ఇది లేదు. ఫ్లైవీల్‌కున్న పిడి పట్టుకుని చేత్తో తిప్పాల్సిందే. ఇంజను ఎదురు తన్నితే వేళ్లు పచ్చడి. ఆ బాధ తప్పించే ఈ డబ్బాలో ఉండేవి నాలుగే: తాడు, తాడు చుట్టుకునే పుల్లీ, దాన్ని వెనక్కి తిప్పే చుట్ట స్ప్రింగు, లాగినప్పుడు బయటికి వచ్చి ఫ్లైవీల్‌ను పట్టుకునే చిన్న కొక్కెం.

పానా పట్టకముందే జబ్బేమిటో తేల్చుకోండి. తాడు తేలిగ్గా వచ్చేస్తూ ఇంజను తిరగకపోతే కొక్కెం బిగుసుకుందన్నమాట, లేదా దాన్ని బయటికి నెట్టే సన్నటి తీగ వంగింది. లాగిన తాడు వెనక్కి పోకపోతే స్ప్రింగు విరిగింది, లేదా దాని టెన్షన్ పోయింది. అసలు కదలనే కదలకపోతే ముందు గేరు చూడండి. న్యూట్రల్‌లో లేకపోతే తాడును ఆపేసే కేబుల్ చాలా మోటార్లలో ఉంటుంది. ఆ కేబుల్ తుప్పు పట్టి ఇరుక్కుంటే స్టార్టర్ పోయిందనుకుని కొత్తది కొన్నవాళ్లను చూశాను.

ప్లగ్గు క్యాపులు రెండూ పీకేయండి. స్టార్టర్ బోల్టులు తీసి, డబ్బాను ఎత్తి, లోపలి వైపు పైకి కనిపించేలా బల్ల మీద తిరగేయండి. ఇక్కడే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. స్ప్రింగు ఏ దిక్కుకు చుట్టుకుని ఉందో రేపటికి గుర్తుండదు.

మధ్య బోల్టు మీద ఇప్పుడే చెయ్యి వేయొద్దు. స్ప్రింగు ఇంకా బతికే ఉంటే అందులో బిగువు ఉంటుంది. హ్యాండిల్‌ను ఒక జాన లాగి, పుల్లీ అంచున ఉన్న గాడిలో తాడు ఇరికించండి. పుల్లీని బొటనవేలితో అదిమి, కొంచెం కొంచెంగా వదలండి. గిర్రున తిరగడం పూర్తిగా ఆగాకే బోల్టు విప్పాలి. పుల్లీని ఒక్కసారిగా ఎత్తకండి. పక్క నుంచి సన్న స్క్రూడ్రైవర్ దూర్చి, స్ప్రింగు కిందే ఉండేలా నొక్కిపట్టి మెల్లగా తీయండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ఈ రేకు అంచు కత్తి లాంటిది.

విరిగిన స్ప్రింగు తీయాలంటే, డబ్బాను లోపలి వైపు కిందికి ఉండేలా నేల మీద గోనెసంచిపై పెట్టి, పైనుంచి సుత్తి పిడితో రెండు దెబ్బలు వేయండి. స్ప్రింగు కిందికి జారి, సంచి మీదే విచ్చుకుంటుంది. కొత్తది పెట్టేటప్పుడు బయటి చివర కొక్కేన్ని డబ్బా మేకుకు తగిలించి, లోపలికి ఒక్కో చుట్టూ నొక్కుతూ రావాలి. పైన గ్రీజు పల్చగా చాలు. ఫ్లైవీల్‌ను పట్టుకునే కొక్కెం తిరిగే మేకుకు కూడా అంతే. మెత్తితే ఇసుక అంటుకుని నెలకే బిగుసుకుంటుంది.

తాడు విషయంలో మనవాళ్లు చేసే తప్పొకటి ఉంది: బోటులో దొరికిన వలతాడు ముక్క వేసేయడం. అది జారుడు తాడు, ముడి నిలవదు, పుల్లీ మీద ఒద్దికగా చుట్టుకోదు. పాత తాడు మందమే ఉన్న అల్లిక నైలాన్ తాడు తీసుకోండి. పాతది తెగిపోయి ఉంటే ముక్కలన్నీ వరసగా పరిచి, ముడుల్లోకి పోయింది కూడా కలిపి కొలవండి. చివరలు అగ్గిపుల్లతో కాల్చి, చల్లారాక ఎనిమిది అంకె ముడి వేయండి.

ఇక అసలు పని టెన్షన్. చాలా అవుట్‌బోర్డ్‌లలో ఫ్లైవీల్ పైనుంచి చూస్తే గడియారం ముల్లులా తిరుగుతుంది. కానీ మీ ముందు డబ్బా తిరగేసి ఉంది కాబట్టి, తాడు లాగే దిక్కు ఇప్పుడు ముల్లుకు ఎదురు. తాడును కూడా ముల్లుకు ఎదురు దిక్కుకే పుల్లీ మీద చుట్టి, కొసను గాడిలో ఇరికించండి. పుల్లీని కూర్చోబెట్టి అటూ ఇటూ ఆడిస్తే, స్ప్రింగు లోపలి కొక్కెం తగులుకున్నట్టు చేతికి తెలుస్తుంది. ఫ్లైవీల్‌ను పట్టుకునే కొక్కెం, దాని తీగ తిరిగి అమర్చి బోల్టు బిగించండి. ఇప్పుడు పుల్లీని లాగే దిక్కుకు, అంటే ముల్లుకు ఎదురుగా, తాడుతో సహా రెండు మూడు చుట్లు తిప్పి పట్టుకోండి. మీ మోటారు పుస్తకంలో వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి. కొసను డబ్బా రంధ్రంలోంచి బయటికి తెచ్చి, జానెడు వదిలి తాత్కాలికంగా ఒక జారుముడి వేస్తే రెండు చేతులూ ఖాళీ. హ్యాండిల్ కట్టాక ఆ ముడి విప్పి, మెల్లగా లోపలికి పోనివ్వండి.

మొదటిసారి నేను ఐదు చుట్లు తిప్పాను. ఎక్కువ బిగిస్తే చురుగ్గా వెనక్కి పోతుందని నా తెలివి. హ్యాండిల్ ఠక్కున వెళ్లి కూర్చుంటే ముచ్చటేసింది కూడా. మూడో రోజు మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, అలలో బోటు ఊగుతుండగా గట్టిగా లాగాను. లోపల టప్పుమంది. తాడు అయిపోకముందే స్ప్రింగు చుట్లు అయిపోయాయి, నా లాగుడంతా దాని కొక్కెం మీద పడి ఊడొచ్చింది. అందుకే బల్ల మీదే ఈ పరీక్ష చేయండి. తాడు చివరిదాకా లాగి ఉంచి, పుల్లీని చేత్తో ఇంకాస్త తిప్పండి. అర చుట్టయినా తిరగాలి. తిరగకపోతే ఒక చుట్టు తగ్గించండి. తిరిగినా హ్యాండిల్ చివర్లో వేలాడుతుంటే ఒక చుట్టు పెంచి, మళ్లీ అదే పరీక్ష.

డబ్బా బిగించాక క్యాపులు పెట్టకుండానే, న్యూట్రల్‌లో నాలుగుసార్లు లాగి చూడండి. మొదట మెల్లగా లాగి, కొక్కెం పట్టుకున్నట్టు చేతికి బరువు తగిలాకే జోరుగా లాగాలి. హ్యాండిల్‌ను గాల్లో వదిలేయకుండా చేత్తోనే వెనక్కి పంపాలి. చివరగా గేరు వేసి ఒకసారి లాగండి. ఆపే కేబుల్ ఉన్న మోటారులో అప్పుడు తాడు కదలకూడదు. కదిలితే కేబుల్ సరిచేశాకే క్యాపులు పెట్టండి.

వచ్చే పాఠంలో నీళ్ల పంపు విప్పుదాం.