తుపాను పుస్తకం ఎలా రాసుకోవాలి

మాది నాగాయలంక మండలంలో కరకట్ట పక్క ఊరు. డ్వాక్రా సంఘాలకు లెక్కలు రాస్తాను. పొదుపు పుస్తకాలతో పాటు ఊరి కోసం ఇంకో లాంగ్ నోట్‌బుక్ కూడా రాస్తాను, దాన్ని అందరూ తుపాను పుస్తకం అంటారు. ఇప్పుడు వాయుగుండం పుట్టిన దగ్గర్నుంచీ కబురు ఫోన్లోకి వస్తూనే ఉంటుంది. ఆలస్యమయ్యేది కబురు తెలియక కాదు, తెలిశాక ఎవరు ఎవరింటికి వెళ్లాలో తేలక. మీ ఊళ్లో కూడా ఇలాంటి పుస్తకం పెట్టుకోవాలనుకుంటే ఇలా రాయండి.

మన తీరానికి తుపాన్లు మే నెలలో ఒక విడత, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకో విడత. కాబట్టి ఏటా సెప్టెంబరులో పుస్తకం తిరగరాయాలి. రేషన్ కార్డుల జాబితా దింపేసుకుంటే సరిపోదు. కార్డులో ఉన్న కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, కార్డులో లేని కూతురు పురిటికి వచ్చి ఉంటుంది. ఇంటికెళ్లి ఒక్కటే అడగండి: "ఈ రాత్రి ఇక్కడ పడుకునేది ఎవరెవరు?" మంచం పట్టినవాళ్లు, ఒంటరి ముసలివాళ్లు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్ల పేర్ల కింద ఎర్ర గీత పెట్టండి. చెవులు వినపడనివాళ్లను మర్చిపోతారు, మైకులో ఎంత అరిచినా వాళ్లకు అందదు. గర్భిణుల నెలలు ఏఎన్ఎం దగ్గర ఉంటాయి. నెలలు నిండినవాళ్లను గాలి మొదలవకముందే ఆస్పత్రికి చేర్చాలి. రొయ్యల చెరువుల కాడ కాపలా ఉండే పైఊరి కూలీలు ఏ జాబితాలోనూ ఉండరు. వాళ్లకు వేరే పేజీ.

ప్రతి ఎర్ర గీత ఎదురుగా రెండు పేర్లు: వెళ్లి తీసుకొచ్చేది ఎవరు, ఎవరి బండిలో. "ఊరంతా చూసుకుంటుంది" అని రాస్తే ఎవరూ చూసుకోరు.

రెండో పేజీ తుపాను షెల్టరుది. తాళం ఎవరి దగ్గర ఉంది, రెండో తాళం ఎవరి దగ్గర? పక్క ఊళ్లో ఒకసారి షెల్టరు తెరిస్తే లోపల ఒకాయన ధాన్యం బస్తాలు! అవి మోసేసరికే చీకటి పడింది. సెప్టెంబరులోనే తలుపులు తీయించి, మరుగుదొడ్లలో నీళ్లు పోసి చూడండి. మరుగుదొడ్డి సరిగా లేకపోతే ఆడవాళ్లు షెల్టరుకు రారు, వచ్చినా రాత్రంతా మంచినీళ్లు ముట్టరు. జనరేటరు ఉంటే స్టార్టు చేయించి చూడాలి, ఉన్నంతమాత్రాన అది తిరుగుతుందని కాదు. మురుగు కాలువలో గుర్రపుడెక్క తీయించమని గ్రామసభలో రాతపూర్వకంగా అడగండి. దాని నకలు కూడా ఈ పుస్తకంలోనే అంటించుకోండి.

ఇక హెచ్చరికలు. రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారన్నది ఓడలకు, పడవలకు చెప్పే మాట. ఊరికి కావాల్సింది తుపాను ఎక్కడ తీరం దాటుతుందన్నది. మన దగ్గర తుపాను గాలి గడియారానికి ఎదురు తిరుగుతుంది. అందుకే తీరం దాటే చోటుకు ఉత్తరాన సముద్రం భూమి మీదికి తోసుకొస్తుంది, దక్షిణాన గాలి భూమి మీంచి సముద్రం వైపు వీస్తుంది. 1977 నవంబరు 19న తుపాను దాటింది చీరాల దగ్గర. ఉప్పెన ముంచింది దానికి ఉత్తరాన ఉన్న మా దివిసీమను. అయిదారు మీటర్ల నీటి గోడ వచ్చిందంటారు మా పెద్దవాళ్లు, సర్కారు లెక్కల్లోనే చనిపోయినవాళ్లు సుమారు 10,000 మంది. కాబట్టి టీవీలో "బాపట్ల దగ్గర తీరం దాటే అవకాశం" అంటే మా ఊళ్లో నిమ్మళంగా కూర్చోకూడదు, అదే అసలు భయపడాల్సిన దారి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం వైపు దాటింది, అది మాకు ఉత్తరం. అలాంటప్పుడు ఉప్పెన భయం తక్కువే గానీ గాలీ వానా తప్పవు. అమావాస్య, పౌర్ణమి పోటుతో ఉప్పెన కలిస్తే నీళ్లు ఇంకా ఎత్తుకొస్తాయి. క్యాలెండరు చూసి ఆ తేదీలు పుస్తకంలో రాసుకోండి.

అన్నిటికన్నా కష్టం మనుషుల్ని ఇల్లు కదిలించడం. ఎవరూ మొండితనంతో ఆగరు, ఒక్కొక్కరికీ ఒక కారణం ఉంటుంది. అది కనుక్కోకుండా "లేవండి, లేవండి" అంటే లేవరు. మా వీధిలో ఒక పెద్దమ్మ పోయినసారి గుమ్మంలోనే కూర్చుంది.

"పెద్దమ్మా, ఆటో వచ్చింది, లే."

"గేదెని వదిలి నేనెక్కడికి వస్తానే? చూడి గేదె."

"గేదెని సూరిబాబాయి దిబ్బ మీదికి తోలుకెళ్తాడు. పలుపు కట్టకుండా వదిలేస్తాడు. నువ్వు చూస్తుండగానే తోలిద్దామా?"

గేదె మలుపు తిరిగాకే పెద్దమ్మ లేచింది. అందుకే పశువులకు కూడా పుస్తకంలో పేజీ ఉంది: ఎవరి దూడలు, ఏ దిబ్బ, తోలేది ఎవరు. గుంజకు కట్టేసిన పశువు నీళ్లొస్తే అక్కడే చస్తుంది, పలుపు విప్పితే ఈదుకుంటుంది. చెవి పోగు నంబర్లు కూడా రాసుకోండి, తర్వాత పనికొస్తాయి.

రెండో కారణం దొంగల భయం. వీధికి ఇద్దరు కుర్రాళ్లను గాలి పెరిగేదాకా తిరగమని పెడితే ఆడవాళ్లు ధైర్యంగా బయల్దేరతారు. మూడోది, ఎవరూ పైకి చెప్పనిది: షెల్టరులో ఎవరి పక్కన పడుకోవాలోనన్న ఇబ్బంది. కొన్ని పేటలవాళ్లు రామని అనరు, ఆలస్యం చేస్తారు. ఏ గది ఎవరికో ముందే సంఘం మీటింగులో అందరి ఎదుటా తేల్చి రాయండి, మొదటి ఆటో ఆ పేటకే పంపండి.

ఇంటి నుంచి తెచ్చుకునేవి: ఆధార్, పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం పాలిథిన్ కవర్లో, వారానికి సరిపడా మాత్రలు, టార్చి, ఛార్జింగ్ పెట్టిన ఫోను, బట్టలు, నెలసరి ప్యాడ్లు. టీవీ మోసుకొచ్చేవాళ్లు ప్రతిసారీ ఉంటారు, వాళ్లతో వాదించే టైము లేదు, ఓ మూల పెట్టించండి.

గాలి మొదలయ్యాక షెల్టరు తలుపు మూయడమే. ఒక్కటి మాత్రం అందరికీ చెప్పండి. గాలి ఉన్నట్టుండి ఆగిపోయి ఆకాశం తేటగా కనిపిస్తే తుపాను వెళ్లిపోయినట్టు కాదు, దాని కన్ను, అంటే నడిమధ్య గాలి లేని చోటు, మన మీద ఉన్నట్టు. కాసేపటికి గాలి అవతలి వైపు నుంచి కొడుతుంది. ఇల్లు చూసొస్తానని బయటికి వెళ్లినవాళ్లు అప్పుడే చిక్కుకుంటారు.

తెల్లారాక మొదటి పని చీపురు పట్టడం కాదు, ఫొటో తీయడం. కూలిన గోడ, ఎగిరిన రేకులు, పడిపోయిన చేను అన్నీ ఇంటి మనిషి నిలబడి ఉండగా, తేదీ పడేలా తీయండి. పశువు చనిపోతే పూడ్చకముందే పశువుల డాక్టరుతో పోస్టుమార్టం చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి, లేకపోతే పరిహారం అడగడానికి చేతిలో కాగితం ఉండదు. పంటకు పెట్టుబడి రాయితీ రావాలంటే నష్టం 33 శాతం దాటాలి. ఈ-పంటలో, అంటే ఎవరు ఏ పంట వేశారో సర్కారు రాసుకునే ఆన్‌లైన్ జాబితాలో, ఎక్కని కౌలు రైతు పేరు నష్టం లెక్కగట్టే ఎన్యూమరేషన్‌లో వెతికినా దొరకదు. అందుకే ఎవరి చేను ఎవరు చేస్తున్నారో కూడా సెప్టెంబరులోనే రాసుకుని, ఎక్కనివాళ్లను రైతు సేవా కేంద్రానికి పంపాలి.

తెగిన కరెంటు తీగ దగ్గరికి ఎవర్నీ పోనివ్వొద్దు, లైన్‌మన్ వచ్చి సరే అనేదాకా అందులో కరెంటు ఉన్నట్టే. పాములు గడ్డివాముల్లోకి, ఇళ్లలోకి చేరతాయి. కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, కరిచిన చెయ్యి కాలు కదపకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. పాము కాటు మందు ఏ ఆస్పత్రిలో ఉందో సెప్టెంబరులోనే ఫోను చేసి కనుక్కుని అట్ట మీద రాసుకోండి, పక్కనే 108, 112.

నీళ్లు. 1000 లీటర్ల ట్యాంకుకు మంచి బ్లీచింగు పౌడరు 2.5 గ్రాములు. నేరుగా చల్లొద్దు. బకెట్లో ముందు కొంచెం నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత నీళ్లు పోసి, సున్నం అడుగున తేరాక పైనున్న తేట మాత్రమే ట్యాంకులో పోసి గంట ఆగండి. వరద నీళ్లు కలిసి మురికి పట్టిన వాటికి ఈ మోతాదు చాలదు, పంచాయతీవాళ్లతో క్లోరిన్ పరీక్ష చేయించాలి, అప్పటిదాకా కాచి తాగాలి. బ్లీచింగు పురుగును చంపుతుంది గానీ ఉప్పును తీయదు. ఉప్పు నీళ్లు చేరిన మంచినీళ్ల చెరువును తోడించి కాలువ నీళ్లతో నింపేదాకా ట్యాంకర్లే గతి.

సాయం చేసేవాళ్లు వస్తారు, మంచి మనసుతోనే పాత బట్టల మూటలు తెస్తారు. అవి నడిరోడ్డు మీద వానకు తడిసి కుళ్లిపోతుంటే చూశాను. ఏం కావాలో మీరే జాబితా రాసి ఫోన్లో పంపండి: బరకాలు, దుప్పట్లు, బిందెలు, లోదుస్తులు, దోమతెరలు. వచ్చింది ఎవరికి ఇచ్చారో సంతకాలతో ఇదే పుస్తకంలో ఎక్కించండి. తగవులు సగం అక్కడే ఆగిపోతాయి.

చివరిగా పొలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు చాలాచోట్ల వరి కోతకొచ్చి ఉంది. పడిపోయిన చేనును నీళ్లు తీసేసి లేపి కట్టలు కట్టాలి. గింజ మొలకెత్తకుండా 5 శాతం ఉప్పు ద్రావణం, అంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు, కంకుల మీద పిచికారీ చేయాలి. కోసి పనల మీదున్నా ఇంతే. సముద్రపు నీళ్లెక్కిన చేను వేరే కథ: కాలువ నీళ్లు నిలగట్టి, మురుగులోకి వదిలి, మళ్లీ నిలగట్టాలి. జిప్సం పక్కవాడు వేశాడని వేయకండి, మట్టి పరీక్ష చేయించి అందులో ఎంత రాస్తే అంతే.