పడవ సీటు కుళ్లేది అడుగు నుంచే

నెల్లూరులో ఆటో సీట్లు, బైకు సీట్లు కుట్టడం నా పని. నాలుగేళ్ల కింద మైపాడు నుంచి ఒకాయన తన షికారు బోటు సీట్లు ఆరు తెచ్చాడు. ఆటోకి చేసినట్టే స్పాంజీ పెట్టి, రెక్సిన్ బిగించి, అడుగున కూడా రెక్సిన్ ముక్కతో నీటుగా మూసి ఇచ్చాను. కార్తీకం వానలు కాగానే ఫోను. "ఏంది అన్నా, సీటు చూస్తే పొడిగా ఉంది, కూర్చుంటే ప్యాంటు తడస్తా ఉంది!" విప్పితే స్పాంజీలో చెంబెడు నీళ్లు. చెక్క పొరలుపొరలుగా ఊడి వచ్చింది.

సూది దిగిన ప్రతిచోటా నీళ్లకు దారి ఉంటుంది. వాటిని రాకుండా ఆపలేం, వచ్చినవి పోయేలా చేయాలి. ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇదీ.

పాత రెక్సిన్‌ని చింపకండి. రెక్సిన్‌ని చెక్కకు పట్టించిన పిన్నులు స్క్రూడ్రైవరుతో లేపి, కుట్లు విప్పి, ముక్కలకు నంబర్లు వేసుకోండి. కొత్తది కత్తిరించడానికి అవే కొలతలు. చెక్కను స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడండి, దిగబడితే మార్చాల్సిందే. ఐఎస్ 710 (భారత ప్రమాణం) ముద్ర ఉన్న, నీళ్లకు తట్టుకునే మెరైన్ ప్లైవుడ్, 12 ఎంఎంది తీసుకోండి. అడుగున వేలు దూరేంత రంధ్రాలు ఐదారు వేయండి. ఆ తర్వాతే ఎపాక్సీ, అంటే చెక్కలోకి నీళ్లు దిగనీయని రెసిన్, రెండు పూతలు వేయాలి. రంధ్రాల లోపలి అంచులకూ, స్క్రూ బెజ్జాలకూ పూత తగలాలి. చెక్క నీళ్లు తాగేది అక్కడే.

మామూలు స్పాంజీ నీళ్లు పీల్చుకుంటుంది. నీళ్లు పట్టని క్లోజ్డ్ సెల్ ఫోమ్ కొంచెం గట్టిగా ఉంటుంది, ధర కూడా ఎక్కువే. అయినా అదే వేయండి. చెక్క కన్నా అన్నివైపులా పావు అంగుళం పెద్దగా కోస్తే రెక్సిన్ ముడతలు పడదు.

రెక్సిన్ కూడా ఎండకు, బూజుకు తట్టుకునే మెరైన్ రకమే కావాలి. ఆటో రెక్సిన్ ఉప్పుగాలికీ ఎండకీ బిరుసెక్కి పగిలిపోతుంది. దారం పాలిస్టర్‌దే, నూలు దారం వద్దు. కుట్టు మరీ దగ్గరగా వేస్తే పోస్టల్ స్టాంపు అంచులా చిరుగుతుంది, 4 ఎంఎం దూరం ఉంచండి. కూర్చునే చోట మధ్యలో అతుకు రానీయకండి.

బిగించే ముందు రెక్సిన్‌ని పావుగంట ఎండలో పరిస్తే మెత్తబడుతుంది. అందుకే బోటు పని మా వాళ్లు ఎండాకాలంలోనే తెస్తారు. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, ఇంజను వేట పడవలు ఒడ్డునే ఉంటాయి. ముందు మధ్యలో ఒక పిన్ను, దానికి ఎదురుగా ఇంకొకటి, తర్వాత పక్కలు, చివరికి మూలలు. మూలల దగ్గర తొందరపడితే ముడత శాశ్వతంగా ఉండిపోతుంది. పిన్నులు ఉప్పునీటికి తట్టుకునే 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి. మామూలు పిన్ను ఒక్క సీజన్‌లో తుప్పుపట్టి సీటు అంచంతా ఎర్రగా కారుతుంది.

అడుగున రెక్సిన్‌తో మూయకండి, దోమతెర లాంటి ప్లాస్టిక్ జాలీ చాలు. అంతా అయ్యాక కుట్టు మీద మగ్గుడు నీళ్లు పోసి కింద చూడండి. రంధ్రాల నుంచి చుక్కలు పడుతుంటే సీటు పంపించొచ్చు. మైపాడు ఆయన సీట్లు రెండోసారి డబ్బు తీసుకోకుండానే కుట్టిచ్చాను.