డ్రైవ్ ఆన్ చేస్తే లెవెల్ రీడింగ్ ఊగుతోందా? ఫిల్టర్ కొనే ముందు కేబుల్ చూడండి

సమస్య: డ్రైవ్‌తో (మోటర్ వేగాన్ని మార్చే వీఎఫ్‌డీతో) నడిచే మోటర్ తిరిగినంతసేపూ ట్యాంక్ లెవెల్ రీడింగ్ ఎగిరెగిరి పడుతుంది. మోటర్ ఆపగానే కుదురుకుంటుంది.

డ్రైవ్‌కు సప్లై ఉండి, మోటర్ ఆగి ఉన్నప్పుడు రీడింగ్ బాగుంటే నాయిస్ (సిగ్నల్‌ను చెడగొట్టే విద్యుత్ అలజడి) డ్రైవ్ అవుట్‌పుట్ వైపు నుంచి వస్తున్నట్టే. క్యారియర్ ఫ్రీక్వెన్సీని (డ్రైవ్ వోల్టేజీని తుంచే వేగాన్ని) 8 కిలోహెర్ట్జ్ నుంచి 2కు తగ్గించండి. మోటర్ కూత పెరిగి, రీడింగ్ ఊగడం తగ్గితే ఇక అనుమానం అక్కర్లేదు.

డ్రైవ్ వోల్టేజీని సెకనుకు వేలసార్లు తుంచి పంపుతుంది. తుంచిన ప్రతిసారీ కేబుల్ నుంచి, మోటర్ బాడీ నుంచి కొంత కరెంటు ఎర్త్‌లోకి జారుతుంది. అది మళ్లీ డ్రైవ్‌కు చేరాల్సిందే. దగ్గర దారి లేకపోతే షెడ్డు ఇనుము మీదుగా, సిగ్నల్ వైరు షీల్డ్ (వైరు చుట్టూ ఉండే లోహపు అల్లిక) మీదుగా వెళ్తుంది. అందుకే ముందు దానికి మంచి దారి ఇవ్వాలి. మోటర్‌కు షీల్డ్ ఉన్న కేబుల్ వేసి, ఆ షీల్డ్‌ను రెండు చివర్లా కట్టండి. కట్టే తీరే ఇక్కడ ముఖ్యం. చాలాచోట్ల షీల్డ్‌ను జడలా మెలితిప్పి, లగ్గు వేసి ఎర్త్ బోల్టుకు బిగిస్తారు. మల్టీమీటర్ సున్నా ఓమ్ చూపిస్తుంది గానీ, హై ఫ్రీక్వెన్సీ కరెంటుకు ఆ జానెడు తోకే అడ్డుగోడ. పైతొడుగు చెక్కి, షీల్డ్ చుట్టూతా ఆనేలా మెటల్ క్లాంప్ వేయాలి. క్లాంప్ కింద ప్యానెల్ ప్లేటుకు పెయింట్ ఉంటే గీకేయాలి.

సిగ్నల్ కేబుల్ మోటర్ కేబుల్‌కు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో వెళ్లాలి. దాటక తప్పకపోతే అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించండి. పక్కనున్న కాంటాక్టర్ (కాయిల్‌తో పనిచేసే స్విచ్) పడినప్పుడే రీడింగ్ అదిరితే తప్పు డ్రైవ్‌ది కాదు: ఏసీ కాయిల్‌కు ఆర్‌సీ స్నబ్బర్ (రెసిస్టర్, కెపాసిటర్ జత), డీసీ కాయిల్‌కు డయోడ్ పెట్టండి.

సమస్య: డ్రైవ్ ఓవర్ వోల్టేజ్‌లో ట్రిప్ అవుతోంది.

ఎప్పుడు ట్రిప్ అవుతోందో గమనించండి. 415 వోల్టుల సప్లైతో డీసీ బస్ (డ్రైవ్ లోపల ఏసీని డీసీగా మార్చి నిలిపే భాగం) సుమారు 587 వోల్టులుంటుంది. చాలా డ్రైవ్‌లు 800 దగ్గర ట్రిప్ అవుతాయి. మోటర్ ఆపేటప్పుడు అయితే లోడే తిరిగి కరెంటు తోస్తోంది. డిసిలరేషన్ టైమ్ (వేగం తగ్గించి ఆపే సమయం) పెంచండి, లేదా ఆ కరెంటును వేడిగా మార్చే బ్రేక్ రెసిస్టర్ పెట్టండి. నిలకడగా నడుస్తూ ఉన్నట్టుండి అయితే పవర్ ఫ్యాక్టర్ ప్యానెల్‌లో కెపాసిటర్లు పడే సమయంతో పోల్చి చూడండి. రెండూ కలిస్తే ఇన్‌పుట్‌లో 3 శాతం లైన్ చోక్ (కరెంటు ఎగుడుదిగుళ్లను అణచే కాయిల్) వేయాలి.

సమస్య: డ్రైవ్ పెట్టాక బోరు మోటర్ తరచూ కాలిపోతోంది.

600 అడుగుల బోరంటే కేబులే 180 మీటర్లు దాటుతుంది. అంత పొడవున పల్స్ మోటర్ దగ్గర తగిలి వెనక్కి మళ్లి, టెర్మినల్స్ మీద దాదాపు రెట్టింపు, అంటే 1200 వోల్టుల దాకా లేస్తుంది. వైండింగ్‌లో మొదటి చుట్లు ముందు దెబ్బతింటాయి. మళ్లీ రివైండింగ్ చేయించి దింపితే డబ్బు దండగ. డ్రైవ్ అవుట్‌పుట్‌లో సైన్ ఫిల్టర్ (పల్సులను నున్నటి తరంగంగా మార్చేది) పెట్టండి. కేబుల్ మరీ పొడవు కాకపోతే డీవీ/డీటీ ఫిల్టర్ (వోల్టేజీ ఎగిసే వేగాన్ని తగ్గించేది) చాలు.

ఏ పనికైనా సప్లై ఆపాక డ్రైవ్ మీద రాసినంతసేపు ఆగి, డీసీ బస్ వోల్టేజీ కొలిచాకే చెయ్యి పెట్టండి. మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) వేసేముందు మోటర్ వైర్లు డ్రైవ్ నుంచి విప్పేయాలి. పాత స్టార్టర్ బాక్సులోని కెపాసిటర్ మోటర్ వైపు ఇంకా ఉంటే దాన్ని తప్పకుండా తీసేయండి. అవుట్‌పుట్‌లో కెపాసిటర్ ఉంటే డ్రైవ్ ఐజీబీటీలే (వోల్టేజీని తుంచే స్విచ్‌లే) పోతాయి.