మీటింగ్‌కి ముందే మాట్లాడండి

ఈ మధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒక కుర్రాడు మీటింగ్‌లో ఒక ప్రతిపాదన పెట్టాడు. మంచి ప్రతిపాదన. లెక్కలన్నీ సరిచూసుకుని ఎంతో కష్టపడి తయారు చేసుకొచ్చాడు. ఒకరు సందేహం లేవనెత్తారు, ఇంకొకరు తల అడ్డంగా ఊపారు, మేనేజర్ "తర్వాత చూద్దాం" అన్నారు. మళ్ళీ ఎవరూ దాని ఊసెత్తలేదు. "అందులో తప్పేముంది అన్నా?" అని తర్వాత నన్ను అడిగాడు. తప్పేమీ లేదు. ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఒక్కరితోనైనా ముందుగా మాట్లాడలేదు, అంతే.

పరాయి దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళకి ఇలా జరగడం పదేపదే చూస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను. ఇల్లు, బ్యాంకు ఖాతా, ఫోను ఎలాగో కుదురుతాయి, వాటి గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది. ఆఫీసులో మన మాటకి విలువ ఎలా వస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. నా మొదటి నెలలు అలాగే గడిచాయి. తల వంచుకుని పని చేసేవాణ్ణి, గడువు కంటే ముందే ఇచ్చేవాణ్ణి. నిర్ణయాలు మాత్రం నాకు తెలియని చోటెక్కడో జరిగిపోయేవి. మీటింగ్‌కి వెళ్ళేసరికి అందరికీ అంతా తెలిసే ఉండేది, నాకొక్కడికే అది కొత్త వార్త. గదినిండా మనుషులున్నా ఒంటరిగా ఉన్నట్టుండేది.

చాలా నిర్ణయాలు మీటింగ్‌కి ముందే అయిపోతాయి. అక్కడ వాటిని అందరి ముందూ ఖాయం చేస్తారు. జపాన్ కంపెనీల్లో దీన్ని నెమవాషి అంటారు. ప్రతిపాదన పెట్టేముందు సంబంధం ఉన్న ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి రావడం అక్కడ రివాజు. మిగతా చోట్ల దానికి పేరు లేకపోయినా పని నడిచేది ఇంచుమించు అలాగే.

కాబట్టి మీ ప్రతిపాదన వల్ల ఎవరికి పని పెరుగుతుందో ముందు ఆలోచించండి. ఎవరి అధికారం తగ్గుతుందో చూడండి. ఏదైనా తేల్చేముందు మేనేజర్ ఎవరి ముఖం వైపు చూస్తారో గమనించండి, ఆ మనిషి హోదాలో చిన్నవారే కావచ్చు. ఒప్పుకునేవాళ్ళ దగ్గరికి కాదు, కాదనేవాళ్ళ దగ్గరికే ముందు వెళ్ళండి. పదిహేను నిమిషాలు అడగండి, ఎవరూ కాదనరు. "ఇది బాగుందా?" అంటే మర్యాదకి బాగుందంటారు. "దీనివల్ల మీ టీమ్‌కి ఎక్కడ ఇబ్బంది వస్తుంది?" అని అడగండి. వాళ్ళు చెప్పింది రాసుకోండి, మార్చగలిగింది మార్చండి. మీటింగ్‌లో "ఈ సమస్యని ఫలానా వారు ముందే గుర్తించారు" అని వాళ్ళ పేరుతో చెప్పండి. ఆ పేరు చెప్పకుండా మీదిగా చెప్పుకున్నారో, ఆ మనిషి మళ్ళీ మీకు ఏదీ చెప్పరు. ఇద్దరు ముగ్గురు గట్టిగా వ్యతిరేకిస్తుంటే ఆ వారం అసలు పెట్టకండి. ఆగడం కూడా వ్యూహమే. ఇది ఎన్నిసార్లు చెప్పినా చాలామంది నేరుగా గదిలోకే వెళ్తారు, నాకు విసుగొచ్చేది అక్కడే.

"పని బాగా చేస్తే అదే మాట్లాడుతుంది కదా?" అంటారు. మాట్లాడదు. 1959లో జాన్ ఫ్రెంచ్, బెర్‌ట్రమ్ రేవెన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఒక మనిషికి ఇతరుల మీద పట్టు ఎక్కణ్ణుంచి వస్తుందో ఐదు రకాలుగా విడదీసి చెప్పారు. హోదా, మేలు చేయగలగడం, శిక్షించగలగడం, నైపుణ్యం, ఆ మనిషంటే ఉండే గౌరవాభిమానాలు. కొత్తగా వచ్చినవారికి మొదటి మూడూ ఉండవు. నాలుగోది వెంట తెచ్చుకుంటాం, దాంతోనే నెట్టుకురావచ్చనుకుంటాం. ఐదోది కావాలంటే మనుషులతో కూర్చోవాలి. వాళ్ళ అమ్మాయికి పరీక్షలన్నారనుకోండి, వచ్చే వారం ఎలా రాసిందో అడగండి. గురువారం ఇస్తానన్న పని ఆలస్యమయ్యేలా ఉంటే బుధవారమే చెప్పండి. ఒకరి గురించి ఇంకొకరి దగ్గర చెడుగా మాట్లాడకండి. అలాంటి మాటలతో దొరికే దగ్గరితనం ఎక్కువ కాలం నిలవదు, పైగా మీ దగ్గర ఏదీ దాగదని అందరికీ తెలిసిపోతుంది.

మన భాష వాళ్ళతోనే రోజంతా ఉండిపోకండి. వాళ్ళని వదులుకోమనడం లేదు, కష్టమొస్తే నిలబడేది వాళ్ళే. కానీ 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ప్రచురించిన పరిశోధనలో, తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో ఎక్కువమందికి ఆ కబురు అందింది అప్పుడప్పుడూ కలిసే పరిచయస్తుల నుంచే. రోజూ కలిసేవాళ్ళకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది కదా. వేరే విభాగం మనిషితో నెలకోసారి పది నిమిషాలు మాట్లాడినా చాలు.

ఇదంతా చదివి టెన్షన్ పడేవాళ్ళుంటారని తెలుసు. "నాకు అంత చొరవ లేదు, నా ఉచ్చారణ వాళ్ళకి అర్థం కాదు" అంటారు. సరే, ఒక మాట ఒప్పుకుంటాను. పదిమంది ముందు నోరు పెగలనివాళ్ళకి ఈ దారే సులువు. ఒక్కరితో మాట్లాడేటప్పుడు తడబడినా ఆ ఒక్కరూ ఆగి వింటారు, అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతారు. పైగా కొత్తవాళ్ళు ఎవరినైనా ఏదైనా అడగొచ్చు, తప్పు పట్టరు. ఏడాది దాటాక అదే ప్రశ్న అడిగితే "ఇంకా తెలియదా?" అంటారు. ఆ వెసులుబాటు ఉండగానే మీ పనితో సంబంధమున్న ప్రతి ఒక్కరితో ఒకసారి విడిగా కూర్చోండి. మొదటిసారి ఏ ప్రతిపాదనా తీసుకెళ్ళకండి, వాళ్ళు ఏం చేస్తారో, వాళ్ళ పనికి ఏది అడ్డొస్తోందో అడిగి రండి.