సారథ్ కట్టుకుందాం – మూడో పాఠం: పెట్టెలో వచ్చిన బండిని మన బండిగా మార్చడం

రెండో పాఠం అయ్యేసరికి మన ప్లాస్టిక్ బీఎంపీ-2 (సైనికుల్ని మోసుకెళ్ళే యుద్ధ బండి) నమూనాకు అడుగు భాగం, పై డెక్కు అతుక్కున్నాయి. ఒక్కో పక్కకు ఆరేసి చక్రాలు నిలబడ్డాయి. టరెట్, అంటే ఫిరంగి ఉండే తిరిగే పైభాగం, విడిగా ఆరుతోంది. ట్రాక్‌లు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి కదా, అక్కడే ఉండనివ్వండి. చక్రాలకు రంగు పడ్డాకే వాటి వంతు. టరెట్‌ని కూడా ఇప్పుడే డెక్కుకు అతికించొద్దు, తిరిగేలా ఉండాలి. ఎందుకో ఈ పాఠంలోనే తెలుస్తుంది.

మీ చేతిలో ఉన్న 1/35 కిట్ (అసలు బండికి 35వ వంతు) ట్రంపెటర్ కంపెనీది కావచ్చు, జ్వెజ్దాది కావచ్చు. ఎవరిదైనా అందులో ఉన్నది రష్యా సైన్యం బండే. మనం కడుతున్నది సారథ్. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీకి 1984లో పునాది పడింది. 1987 నుంచి అక్కడ బీఎంపీ-2ను లైసెన్సు మీద ఈ పేరుతో తయారు చేస్తున్నారు. దాని టరెట్ మీదికి ఎక్కే, ట్యాంకుల్ని కొట్టే కాంకర్స్ క్షిపణి కూడా మన దగ్గర తయారయ్యేదే. దాన్ని చేసేది భారత్ డైనమిక్స్. ఆ సంస్థ భానూరు ప్లాంటు ఎద్దుమైలారానికి దగ్గర్లోనే ఉంది. ఆ పక్క ఊళ్ళ మీదుగా బస్సులో వెళ్ళినవాళ్ళు మనలో ఎంతమందో. నేను వేరే ట్యాంకులన్నీ పక్కన పెట్టి ఈ ధారావాహికకు ఈ బండినే ఎంచుకున్నది అందుకే.

కత్తి పట్టే ముందు

మార్పులంటే చాలామంది ముందు మూటలు, డబ్బాలు, బండిని శత్రువుకు కనబడకుండా దాచే వలలు కొని తెచ్చి బండి నిండా పేరుస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. నా మొదటి బీఎంపీకి వెనక తలుపుల మీద రెండు టార్పాలిన్ చుట్టలు, ఒక జెర్రీక్యాన్ కట్టాను. చూడటానికి నిండుగా ఉందనుకున్నాను. సైన్యంలో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీలో (ఇలాంటి బండ్లలో వెళ్ళే పదాతి దళం) చేసి రిటైరైన మా మామయ్య ఒకసారి ఇంటికొచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి, వెనక్కి తిప్పి ఆగాడు.

"బాగుందిరా. మరి మేం దిగేదెట్లా?"

ఆ తలుపుల వెనకే సైనికులు కూర్చుంటారు. బండి ఆగగానే ఆ రెండు తలుపులు తెరుచుకుని దూకుతారు. నేను వాళ్ళను లోపల పెట్టి తాళం వేసినట్టు చేశాను. పైగా ఆ తలుపులు బోలుగా ఉంటాయనీ, వాటిలోనూ ఇంధనం పోస్తారనీ ఆయన చెప్తేనే తెలిసింది. అప్పటి నుంచి నేను ఏ చిన్న వస్తువు అతికించినా ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటాను: ఇది ఇక్కడుంటే బండి తన పని చేసుకోగలదా?

సారథ్ విషయంలో ఆ ప్రశ్నకు జవాబులు ఇవి. డ్రైవర్ ముందు ఎడమ పక్కన కూర్చుంటాడు, అతని కుడి పక్కన ఇంజన్. ఇంజన్ మీదున్న జాలీలను, పొగ బయటికొచ్చే చోటును దేనితోనూ మూయకూడదు. టరెట్‌లో ఇద్దరు, ఎడమన గన్నర్, కుడిన కమాండర్. వాళ్ళ మూతలు పూర్తిగా తెరుచుకోవాలి. టరెట్ వెనక డెక్కు మీదున్న మూతలు సైనికులవి, అవీ ఖాళీగానే ఉండాలి. ముందు ముక్కు మీద మడిచిపెట్టిన పలక ఉంది చూడండి, బండి నీళ్ళలోకి దిగేటప్పుడు అది పైకి లేచి అలను ఆపుతుంది. ఈ బండి ఈదుతుంది. అందుకే ఆ పలకకు ఏదీ కట్టకూడదు.

ఇక మిగిలిన చోటు ఎంత? టరెట్ వెనక వైపు, డెక్కు అంచులు, మడ్‌గార్డుల పైభాగం. అంతే. ఇప్పుడు టరెట్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పండి. ఫిరంగి గొట్టం కొంచెం కిందికి వంచి మళ్ళీ తిప్పండి. గొట్టం ఏ మూటకు తగిలితే ఆ మూట అక్కడ ఉండకూడదు. టరెట్ అతికించొద్దన్నది ఇందుకే.

ఇంకో నిర్ణయం కూడా ఇప్పుడే జరగాలి: మీ బండి ఎక్కడుంది? రిపబ్లిక్ డే పరేడ్‌లో నడిచే సారథ్ మీద దుమ్ము ఉండదు, మూటలు ఉండవు. తూర్పు లద్దాఖ్‌లో ఉన్నదాని తీరు వేరు. కాంగోలో ఐక్యరాజ్యసమితి శాంతిసేనతో వెళ్ళిన మన బీఎంపీలకు తెల్ల రంగు వేశారు. ఒకే కిట్‌తో ఇవన్నీ కట్టొచ్చు, కానీ రెండు కలిపి కట్టకూడదు. ఈ ధారావాహికలో మనది రాజస్థాన్ ఎడారిలో విన్యాసాలకు వెళ్ళిన బండి. ముదురు ఆకుపచ్చ మీద ఇసుక రంగు పట్టీలు, ఒక టార్పాలిన్ చుట్ట, ఒక వల, రెండు జెర్రీక్యాన్లు. అంతకు మించి వద్దు.

35తో గుణించడం

అసలు సారథ్ పొడవు 6.7 మీటర్లకు కొంచెం ఎక్కువ. 35తో భాగిస్తే మన బల్ల మీద 19 సెంటీమీటర్లు. ఈ లెక్క అందరికీ తెలుసు. చాలామంది మర్చిపోయేది తిరగేసిన లెక్క. మీరు అతికించే ప్రతిదాన్నీ 35తో గుణించి, అసలు బండి మీద అదెంత ఉంటుందో చూడాలి.

కిట్‌లోని ముందు మడ్‌గార్డు అంచును కాలిపర్‌తో కొలవండి. దాదాపు ఒక మిల్లీమీటరు వస్తుంది. 35తో గుణిస్తే 35 మి.మీ. అంటే రేకు మడ్‌గార్డు బండి పక్క కవచం కంటే మందంగా ఉన్నట్టు! అచ్చులో పోసిన ప్లాస్టిక్ ఇంతకంటే పల్చగా రావడం కష్టం, కంపెనీ తప్పేమీ కాదు. కానీ కంటికి "బొమ్మ" అనిపించేది మాత్రం సరిగ్గా ఇక్కడే.

దీన్ని సరిచేయడానికి రెండు దారులు. తేలికైనది: మడ్‌గార్డు కింది వైపు, అంటే కంటికి కనబడని వైపు, కొత్త బ్లేడును నిలువుగా పట్టుకుని అంచును గీకుతూ రండి. కోయొద్దు, గీకండి. కొబ్బరి కోరు రాలినట్టు సన్నటి పొట్టు రాలాలి. అంచు దగ్గర పల్చగా, లోపలికి పోయేకొద్దీ మందంగా ఉంటే చాలు, చూసేవాళ్ళకు కనిపించేది అంచే కదా. ఇరవై నిమిషాల పని.

రెండో దారి నాకు ఇష్టమైనది. హోటల్ నుంచి బిర్యానీ పార్సిల్ వచ్చే అల్యూమినియం డబ్బా ఉంటుంది కదా, దాని అడుగున చదునుగా ఉన్న రేకు మందం సుమారు 0.1 మి.మీ. లోపే. 35తో గుణిస్తే మూడు మిల్లీమీటర్లు, సరిగ్గా రేకు మడ్‌గార్డులాగే. కడిగి, గాజు పలక మీద పెట్టి చెంచా వెనక వైపుతో రుద్ది చదును చేయండి. కిట్ మడ్‌గార్డును అచ్చుగా పెట్టి పెన్సిల్‌తో గీసి, కత్తెరతో కత్తిరించండి. ప్లాస్టిక్ సిమెంట్ (ప్లాస్టిక్‌ని మెత్తబరిచి అతికించే జిగురు) దీనికి అంటదు, ఫెవిక్విక్ వాడాలి. సూది మొనతో ఒక్క చుక్క చాలు. అతికాక మూలను గోటితో కాస్త వంచండి. ముళ్ళపొదలోనో, ఇసుక దిబ్బకో తగిలి వంగిన రేకు ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. ప్లాస్టిక్‌తో ఆ వంపు ఎన్నటికీ రాదు. ఒక్క మూలే వంచండి, రెండూ వంచితే యాక్సిడెంట్ అయిన బండిలా కనిపిస్తుంది.

ఫిరంగి మూతి

సారథ్ ఫిరంగి 30 మి.మీ.ది. మన కొలతలో 0.86. కాబట్టి 0.8 మి.మీ. డ్రిల్ బిట్ కావాలి. చేతి డ్రిల్లుతోనే చేయండి, కరెంటు డ్రిల్లు వేడికి ప్లాస్టిక్ కరిగిపోతుంది. ముందు సూదితో మూతి మధ్యలో చిన్న గుంట పెట్టండి. ఆ గుంట నడిమధ్యలో ఉందో లేదో భూతద్దంతో చూడండి. పక్కకు పోయి ఉంటే ఇప్పుడే ఇంకో సూదిపోటుతో జరపొచ్చు, డ్రిల్లు దిగాక ఇక జరగదు. బిట్‌ని గుంటలో పెట్టి నాలుగు చుట్లు తిప్పి, తీసి, పొడి ఊది, మళ్ళీ నాలుగు చుట్లు. రెండు మిల్లీమీటర్ల లోతు చాలు. మూతి దగ్గర పక్కల చీలికలు కూడా ఉంటాయి, వాటిని బ్లేడు మొనతో తేల్చండి.

వెల్డింగ్ గీతలు

టరెట్‌కి గరుకు ఉపరితలం కావాలని పుట్టీ రాసి పాత బ్రష్షుతో పొడిచేవాళ్ళున్నారు. టీ-55 ట్యాంకు లాంటివాటి పోత టరెట్‌కి అది సరైన పద్ధతి. సారథ్ టరెట్ పోత పోసినది కాదు, పలకలు వెల్డింగ్ చేసి కట్టినది. దీనికి కావాల్సింది పలకలు కలిసే చోట సన్నటి వెల్డింగ్ గీత.

దానికి కిట్ ఫ్రేమే మన ముడిసరుకు. భాగాలు కత్తిరించాక మిగిలిన చట్రంలోంచి ఒక జానెడు కడ్డీ తీసుకోండి. కొవ్వొత్తి వెలిగించండి. సిమెంటు సీసా, థిన్నరు పక్క గదిలో పెట్టి రండి, అవి మండుతాయి. కిటికీ తెరిచి ఉంచండి. కడ్డీ మధ్య భాగాన్ని మంటకు రెండంగుళాల పైన పట్టుకుని వేళ్ళతో తిప్పుతూ ఉండండి. కాసేపటికి అక్కడ మెరుపు వస్తుంది, కడ్డీ కొంచెం జారుతుంది. వెంటనే మంట నుంచి పక్కకు తీసి, ఒక్క క్షణం ఆగి, రెండు చేతులూ సమానంగా లాగండి. పాకం తీగ సాగినట్టు సాగుతుంది. వేగంగా లాగితే వెంట్రుకంత సన్నం, నెమ్మదిగా లాగితే లావు. మనకు 0.3 మి.మీ. కావాలి. మొదటి అయిదారు తెగుతాయి, ఫ్రేమ్ కావలసినంత ఉంది.

ఆ తీగను పలకల సందులో పరిచి, పల్చటి సిమెంటు బ్రష్షుతో ఒక్కసారి తడపండి. రెండు నిమిషాలు ముట్టుకోవద్దు. తర్వాత మొద్దుబారిన బ్లేడు మొనను అడ్డంగా పెట్టి దగ్గరదగ్గరగా నొక్కుతూ పొండి. మెత్తబడిన తీగ మీద వంకీలు పడతాయి. కుట్టుమిషన్ కుట్టు లాగా అచ్చం ఒకే దూరంలో ఉండకూడదు. వెల్డర్ చేతి పని, కొంచెం హెచ్చుతగ్గులుంటాయి.

టార్పాలిన్, వల, తాడు

టిష్యూ కాగితానికి రెండు పొరలుంటాయి, విడదీసి ఒక్క పొర తీసుకోండి. ఫెవికాల్‌లో సమానంగా నీళ్ళు కలిపి అందులో తడిపి, పెన్సిల్ ముల్లు లావున చుట్టండి. తడిగా ఉండగానే టరెట్ వెనక, దాని చోట్లోనే పెట్టి వేలితో నొక్కండి. బరువున్న గుడ్డ కింది వస్తువు ఆకారానికి ఒదిగి కూర్చుంటుంది. విడిగా ఆరబెట్టి తెచ్చి అతికిస్తే గాల్లో తేలుతున్నట్టు కనబడుతుంది. కట్టే పట్టీలకు మాస్కింగ్ టేప్‌ని ఒక మిల్లీమీటరు వెడల్పున కోయండి.

వలకు మందుల షాపులో దొరికే గాజుగుడ్డ సరిపోతుంది. అదే ఫెవికాల్ నీళ్ళలో ముంచి, నలిపి, మడతపెట్టి, ఎండుటాకు పొడి చల్లండి. లాగుడు తాడుకు పాత ఛార్జర్ వైరు ఒలిచి లోపలి రాగి పోగులు పేనండి, 0.6 మి.మీ. లావు వచ్చేదాకా. కిట్‌లో తాడు ప్లాస్టిక్‌దే ఉంటే దాని చివరి కొక్కేలు మాత్రం కోసి దీనికి తగిలించండి. జెర్రీక్యాన్లు కిట్‌లో లేకపోతే విడిగా సెట్లు దొరుకుతాయి, వాటిని కట్టడంలో చెప్పాల్సినంత విషయం లేదు.

క్షిపణి గొట్టం మీ ఇష్టం. క్షిపణుల్ని మామూలుగా లోపల పెట్టుకుని అవసరమైనప్పుడు పైకెక్కిస్తారు. పైన గొట్టం లేకుండా లాంచర్ ఒక్కటే ఉంచినా తప్పు కాదు.

బండి నంబరు కిట్ డీకాల్స్‌లో (నీళ్ళలో తడిపి అతికించే అచ్చు బొమ్మలు) దొరకదు, అవి రష్యా నంబర్లు. మన సైన్యం ప్లేటు మీద పైకి చూసే బాణం గుర్తు ఉంటుంది. ఫోటోలో ఉన్న ప్లేటును చూసి చేత్తో రాయడమే మంచిది. ఇంటి ఇంక్‌జెట్ ప్రింటర్లలో తెల్ల సిరా ఉండదు కాబట్టి తెల్ల అక్షరాలు పారదర్శక డీకాల్ కాగితం మీద రావు. ఆ పని రంగు వేశాకే.

ఈ వారం పని

అన్నీ ఆరాక బండిని గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి మెత్తటి బ్రష్షుతో కడగండి. టార్పాలిన్, వల ఉన్న చోట మాత్రం తడి తగలనివ్వొద్దు, ఫెవికాల్ ఊడుతుంది. అక్కడ పొడి బ్రష్షుతో దులపండి చాలు. మన వేళ్ళ జిడ్డు పోకపోతే ప్రైమర్ పెచ్చులు లేస్తుంది. ఒక రాత్రంతా ఆరనిచ్చి, మాస్కు పెట్టుకుని, బయట నీడలో బూడిద రంగు ప్రైమర్ పల్చగా రెండు పూతలు కొట్టండి. మధ్యలో పావుగంట ఆగండి.

ప్రైమర్ పడ్డాక బండి అంతా ఒకే రంగులోకి వస్తుంది. ప్లాస్టిక్, రేకు, రాగి, కాగితం తేడాలు పోతాయి. అంతవరకూ దాక్కున్న సందులు, గీతలు, వేలిముద్రలు కూడా అప్పుడే బయటపడతాయి. కిటికీ దగ్గర వెలుగు పక్క నుంచి పడేలా పట్టుకుని చుట్టూ చూడండి. సందు కనిపిస్తే పుట్టీ పెట్టి, 800 నంబరు నీటి ఉప్పు కాగితంతో రుద్ది, అక్కడ మాత్రం మళ్ళీ ప్రైమర్ కొట్టండి. నాకు మామూలుగా రెండుసార్లు పడుతుంది, ఒకసారి మూడు.

చివరగా బండిని తిప్పి వెనక తలుపులు చూడండి. అక్కడ ఏమీ లేకపోతే నాలుగో పాఠానికి ముదురు ఆకుపచ్చ, ఇసుక రంగు, కొంచెం నలుపు సిద్ధం చేసుకోండి.