తకిట తకధిమి వస్తే చాలు, అమెరికన్ పాటల్లో క్యూబా దరువు దొరుకుతుంది

అమెరికన్ రాక్, జాజ్ వినేవాళ్ళు గిటార్ గురించీ గొంతు గురించీ గంటలు మాట్లాడతారు గానీ కింద నడిచే దరువు ఎక్కడిదో పట్టించుకోరు, నాకు అదే బాధ. అందుకే చెప్తున్నా, చేతులు కాళ్ళు చాలు.

కాలితో నాలుగు దెబ్బలు సమానంగా వేస్తూ ఉండండి. దెబ్బకి నాలుగు అక్షరాలు, మొత్తం 16. ఇప్పుడు నోటితో తకిట తకిట తకధిమి తక తకధిమి అనండి, 3+3+4+2+4, లెక్క సరిపోయింది కదా. ఒక్కో ముక్క మొదటి అక్షరం మీదే చప్పట, అంటే అయిదు చప్పట్లు. ఇదే సోన్ క్లావే, క్యూబా సంగీతానికి వెన్నెముక.

మొదట్లో చెయ్యి కాలి వెనకే పోతుంది. మా మేనకోడలికి ఆర్కే బీచ్‌లో ఇసుక మీద కూర్చోబెట్టి నేర్పించా, రెండో చప్పట దగ్గరే ప్రతిసారీ తడబడేది. అది కాలి దెబ్బకి ఒక్క అక్షరం ముందు పడాలి, మూడోదీ నాలుగోదీ రెండు దెబ్బలకి సరిగ్గా మధ్యలో, చెయ్యీ కాలూ కలిసేది మొదటి చప్పటకీ ఆఖరి చప్పటకీ మాత్రమే. ఇది తెలిశాక పిల్లకి పది నిమిషాల్లో వచ్చేసింది.

వచ్చాక అమెరికన్ రాక్ గాయకుడు బో డిడ్లీ 1955లో తన పేరే పెట్టి చేసిన పాట వినండి, గిటార్ కొట్టేది దాదాపు ఇదే!

తర్వాత మొదటి సగమే తీసుకోండి, తకిట తకిట తక, 8 అక్షరాలు. దీని పేరు ట్రెసీయో. అప్పట్లో క్యూబా రాజధాని హవానా నుంచి ఓడలొచ్చిన అమెరికా రేవు న్యూ ఆర్లీన్స్, మన వైజాగ్ వాళ్ళకి రేవు ఊరంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు, సరుకుతో పాటు పాటలూ దిగుతాయి. అక్కడి పియానిస్టు జెల్లీ రోల్ మోర్టన్ అయితే ఇలాంటి దరువుల్నే స్పానిష్ రంగు అని పిలిచి, అది పడకపోతే జాజ్‌కి మసాలా కుదరదనేవాడు. స్వరకర్త డబ్ల్యూ.సి. హ్యాండీ 1914 నాటి సెయింట్ లూయిస్ బ్లూస్‌లో కూడా మధ్య భాగం హబనేరా, అంటే ట్రెసీయో కలిసిన క్యూబా నాట్య దరువు, ఆ నడకలోకి మారుతుంది, అక్కడ చెవి పెట్టండి.

1947లో అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ, క్యూబా కాంగా డోలు వాద్యకారుడు చానో పోసోతో రికార్డ్ చేసిన మంటేకా మాత్రం అస్సలు వదలొద్దు, నన్నడిగితే ఇందులో అన్నిటికంటే గొప్పది అదే.

చివరగా 2017లో అమెరికా చార్టుల్లో 16 వారాలు మొదటి స్థానంలో ఉన్న డెస్పసీతో పాట పెట్టండి, బీట్ పూర్తిగా మొదలయ్యాక కాలు వేస్తూ తకిట తకిట తక అనండి, రెండో ముక్క, మూడో ముక్క మొదట్లో స్నేర్ డ్రమ్ దెబ్బ వినిపిస్తుంది.